అత్తం

పోర్ట్స్‌మత్ రేవుకి రావాల్సిన ఓడ
పొగమంచులో ఇరుక్కుంది. ఒకరోజు ఆలస్యం.
నా గదులు ఖాళీ, పదకొండూ.
పచ్చికాయని పసుపు చేయడం నా ఉద్యోగం:
పదిహేడు డిగ్రీలు, కాస్త గ్యాసు,
బిగించిన తలుపుని
రోజంతా తెరవకుండా ఉండగల ఓపిక.
రావులపాలెంలో మా మేనమామ
ఇదే పని పిడకల పొగతో చేసేవాడు.
ఆయన థర్మామీటరు ఆయన అరచెయ్యి.

ఖాళీగా ఉన్నానని పైకి పిలిచారు.
పై అంతస్తులో ఏడు కంపెనీల మనుషులు,
ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకునేవాళ్లు,
ఒకే బల్ల చుట్టూ, ఒకే బిస్కెట్ల పళ్లెం ముందు.
తోటల్లో వాళ్లకి బతకడానికి సరిపడే కూలి
అందరం కలిసి ఎలా ఇద్దాం?
అదీ సమావేశం.
మొదలుపెట్టే ముందు లాయరమ్మ, మిస్ థ్రెడ్‌గోల్డ్,
నిలబడి కాగితం చూసి చదివింది:
ఈ గదిలో ఎవరూ ధర మాట ఎత్తకూడదు,
చట్టం ఒప్పుకోదు.
ఇక మూడు గంటలు
మొగుడి పేరు పలకని పాతకాలపు ఇల్లాళ్లలా
దాన్ని "అది" అన్నారు, "ఆ విషయం" అన్నారు,
గొంతులు సవరించుకున్నారు.

నా పని పెట్టె విప్పి చూపించడం.
పోయినవారం మిగిలిన పెట్టె, పద్దెనిమిది కిలోలు,
అంచున ముద్ర: 31.
"ఇదేమిటి?" అన్నాడు బూడిదరంగు కోటాయన.
సర్దినవాళ్ల నంబరండీ.
"అంటే, పేరు?"
నంబరండీ.

అడుగున పరిచిన కాగితం తీస్తే
పెన్సిలు గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
అలా తొమ్మిది కట్టలు, చివర విడిగా రెండు.
పెట్టెలా? రోజులా? ఎవరికో తీర్చాల్సిన బాకీయా?
నలభై ఏడు దేనికి లెక్కో
గోడ మీద వెలుగుతున్న ఏ పట్టికా చెప్పలేదు.

నేను ఒక అత్తం పట్టుకుని నిలబడ్డాను.
గెలలో ఒక్కో వరసని మా వైపు అత్తం అంటారు.
హస్తమే అది.
పనివాళ్ల నోళ్లలో నాని, అరిగి,
అత్తమైంది.
చెబుదామనుకున్నాను. ఇంగ్లీషులో ఎక్కడ మొదలెట్టాలో తెలియక
పండ్లు బల్ల మీద పెట్టేశాను.

భోజనాలయ్యాక ఒప్పుకున్నారు:
ఎవరు ఎన్ని పెట్టెలు కొంటారో అంత వాటా,
కూలికీ బతుక్కీ మధ్య గండి పూడ్చడానికి.
గడువు మూడేళ్లు.
నవ్వకండి. ఏడుగురు ఒక్కమాట మీదికి రావడం
నేనైతే చూడలేదు,
మా వీధి చెత్తబుట్టల తగాదాలో కూడా.
ఫిలిప్పా అనే ఒకావిడ కళ్లద్దాలు తీసి
కళ్లు తుడుచుకుంది.
నిజంగానే. నేను చూశాను.

మెట్ల మీద జివ్కా ఎదురైంది,
ఏజెన్సీ మనిషి, రాత్రి షిఫ్టు.
రేపు పని ఉందో లేదో
ఈ రాత్రి తొమ్మిదికి ఫోను చెబితేనే తెలుస్తుంది తనకి.
"ఏం తేల్చారు?"
చెప్పాను.
"మంచిదే," అంది, గ్లవుజు పళ్లతో లాగుతూ.
"ఈ మెట్లు దిగితే కూడా వర్తిస్తుందా?"

ఇంటికెళ్తూ సూపర్‌మార్కెట్లో చూశాను.
పండు పద్దెనిమిది పెన్నీలు.
మావాడు బడిలో చేరిన ఏడూ అంతే.
వాడికి మీసాలొచ్చాయి,
పండు ధర మాత్రం ఎదగలేదు.

పచ్చికాయని బొటనవేలితో నొక్కితే
అప్పటికేమీ కనబడదు.
తలుపు మూసి, నాలుగు రోజులాగి తీస్తే
వేలు ఎక్కడ పడిందో అక్కడే
నల్లగా.
ఇవాళ్టి మాట కూడా అలాంటిదేమో.
లేక గ్యాసేనేమో.

ఓడ అర్ధరాత్రి దాటాక వచ్చింది.
మొదటి పెట్టె తెరిచాను: 12.
కాగితం కింద గీతల్లేవు.
రెండోదీ చూశాను.
జివ్కా అవతల తలుపు పట్టుకుని
"చలి లోపలికొస్తోంది, కానివ్వు" అంటోంది.
ఇంకొక్కటి, అన్నాను.